ముప్పై ఒకటి రావాలి

"పదకొండా? మా ఇద్దరికీ పదకొండా?" సామ్రాజ్యం కుర్చీలోంచి లేచింది. "ఇదేం కంప్యూటరే అమ్మాయ్! ఆ రోజు ముప్పై ఆరుకి ముప్పై ఒకటి వచ్చాయని మాస్టారు చదువుతుంటే నా చెవులారా విన్నాను."

ధనశ్రీకి చెమటలు పట్టాయి. ఎదురుగా ఉన్నది కాబోయే అత్తగారు. అవుతుందా, కాదా అన్నది ఈ లాప్‌టాప్ తేల్చాలి.

వేటపాలెం పంతులుగారు ధనశ్రీకీ, సామ్రాజ్యం కొడుకు సాయిగణేష్‌కీ జాతకాలు కలవలేదనేశారు. సామ్రాజ్యం ఒప్పుకోలేదు. "నాకు గురునాథం మాస్టారి కంప్యూటర్ మీదే నమ్మకం. అది కుదిరిందంటేనే ఈయన్ని చేసుకున్నా. ముప్పై ఏళ్ళుగా చిలకాగోరింకల్లా ఉన్నాం" అంది. ఆ కంప్యూటర్ ఏనాడో కాలిపోయింది. పొంతన చూసే ప్రోగ్రాంని శబ్దంగా రికార్డు చేసి దాచిన టేపు క్యాసెట్ మాత్రం మిగిలింది. అందుకని ధనశ్రీ, ఆ పాత కంప్యూటర్‌లాగే నడిచే ఎమ్యులేటర్‌ని లాప్‌టాప్‌లో వేసుకుని చీరాలలో మాస్టారింటికి వచ్చింది.

సామ్రాజ్యం ఒకటే షరతు పెట్టింది. ముందు తమ జాతకాలు వెయ్యాలి. ముప్పై ఒకటి వస్తేనే యంత్రం సరిగ్గా ఉన్నట్టు. పిల్లలవి ఆ తర్వాతే.

"క్యాసెట్ సరిగ్గా ఎక్కలేదేమో ఆంటీ" అని ధనశ్రీ లాప్‌టాప్‌కి తగిలించిన టేప్‌రికార్డర్‌లో మళ్ళీ పెట్టింది. చెవులు చిల్లులు పడేలా కీచుమంది. సగంలో ఎర్రర్. సౌండ్ తగ్గించి ఇంకోసారి పెడితే ఎక్కింది. నక్షత్రాలు, పాదాలు కొట్టింది. పదకొండు.

ఎమ్యులేటర్‌లో కంప్యూటర్ మోడల్ మార్చింది. తెర నిండా చుక్కలే. వెనక్కి మార్చింది. ఒక మీట నొక్కితే ఇంకోటి పడుతోందని కీబోర్డ్ సెట్టింగ్ సరిచేసింది. పదకొండు. వేగం తగ్గించింది. మళ్ళీ అదే, పాడు పదకొండు! పిల్లకి ఏడుపొక్కటే తక్కువ.

సామ్రాజ్యం భర్త యలమంద కిటికీ దగ్గర నిలబడ్డాడు. "రాహుకాలం వచ్చేస్తోందే, పోదాం పద" అన్నాడు. వచ్చినప్పట్నుంచీ ఆయనది అదే పాట.

"ఉండండి! పిల్లాడి పెళ్ళి సంగతి తేలకుండా ఎక్కడికి పోతాం?"

"మాస్టారూ, ప్రోగ్రాం రాసింది మీరే కదా. తప్పెక్కడుందో మీరైనా చెప్పండి" అంది ధనశ్రీ.

"రాసింది నేనేలేమ్మా..." అని నసిగారు గురునాథం మాస్టారు. ఆయన చేతిలో కాఫీ ఎప్పుడో చల్లారిపోయింది.

సామ్రాజ్యం సంచి భుజానికి తగిలించుకుంది. "వద్దులే అమ్మాయ్. మా లెక్కే తప్పు చూపించేది మీ లెక్క ఏం చూపిస్తుంది? నీ తప్పేం లేదు, రాసిపెట్టి లేదంతే. మావాడికి వేరే సంబంధం చూసుకుంటాం."

ధనశ్రీ ఇక ఆపుకోలేకపోయింది. కీబోర్డ్ మీదే తలవాల్చి వెక్కి వెక్కి ఏడ్చింది. మాస్టారికి ఉండబట్టలేదు.

"ఆగమ్మా సామ్రాజ్యం! ఆ పిల్ల పెట్టింది సరిగ్గానే ఉంది. ఆ రోజూ పదకొండే వచ్చాయి. కంప్యూటర్‌కి తెరగా పెట్టిన టీవీ నీవైపు తిప్పకుండా ముప్పై ఒకటని చదివింది నేనే."

సామ్రాజ్యం నోరు తెరిచింది. ఆమె ఏదో అనేలోపే యలమంద లబోదిబోమన్నాడు.

"చచ్చినా చెప్పనని నాకు ఒట్టేశారు గదండీ మాస్టారూ!"