మెట్టు అడుగువైపు

"కొత్త చెక్క కొనమంటే ప్రాణం పోతుందేం, పిసినారీ!" డెజ్లీ వాకిట్లో నిలబడి మొగుణ్ణి సాధిస్తోంది.

"గట్టి గమ్ చెట్టు చెక్క ఇది, మన నీలగిరి చెట్టు జాతే. అడుగువైపు అరగనే లేదు. తిరగేసి కొడితే మన జీవితాలకు చాలు," అంటూ క్లైవ్ అరిగిన మెట్టు ఊడబెరికి బోర్లించాడు.

ఇంటికేసిన రంగుతోనే రాసిన వంకర అక్షరాలు పైకొచ్చాయి: "ఇది రస్ ఇల్లు. అమ్మ రాకూడదు."

వానొస్తే వాళ్ళబ్బాయి రస్ ఆ మెట్ల కిందే ఆడుకునేవాడు.

"మళ్ళీ పాతవైపే కొట్టు," అంది డెజ్లీ.

"జారిపడతావే!"

"పడితే పడతాను. నా బిడ్డ రాత తొక్కమంటావా?"

క్లైవ్ పైన మేకులు దిగ్గొడుతుంటే, ఆమె మెట్ల కిందికి వంగి ఆగింది. బ్రిస్బేన్ నది పొంగి వాణ్ణి పట్టుకుపోయాక ఎప్పుడూ అక్కడికి వెళ్ళలేదు.

"అమ్మనిరా... ఈ ఒక్కసారికి రానీరా."