నడుముకు కుదిరిన ఒర

"ఈ పిస్తోలు ఒరలన్నీ మగోళ్ల నడుముకు కుట్టినయి. నీకు కుదరవు. ఈసారికి పక్కన కూసో," అన్నాడు స్టోర్ చూసే కానిస్టేబుల్ యాదన్న.

సంగమ్మ కదల్లేదు. సంగారెడ్డి మైదానంలో జరిగే పిస్తోలు పోటీకి పేరిచ్చిన ఆడ కానిస్టేబుల్ ఆమె ఒక్కతే. నిలబడి గురి చూసి కొట్టే పోటీ కాదది. ఈల మోగగానే పరుగెడుతూ, మలుపు మలుపునా ఒరలోంచి పిస్తోలు లాగి అట్టబొమ్మలను కొట్టి, మళ్లీ ఒరలో పెట్టాలి. గెలిచినవాళ్లకు మంచి డ్యూటీ దొరుకుతుందని ఇన్‌స్పెక్టర్ త్రినాథరావు చెప్పాడు. స్టేషన్‌లో టీలు అందించీ, ఏడ్చే ఆడవాళ్ల పక్కన కూర్చునీ ఆమెకు విసుగెత్తింది.

బల్ల మీద పరిచిన ఒరల మీద మగవాళ్లు ఎగబడ్డారు. చంక కింద వేలాడేది ఒకడికి, తొడకు కట్టేది ఇంకొకడికి. సంగమ్మ చెయ్యి కూడా అటే పోబోయింది. నేర్పించే హెడ్ కానిస్టేబుల్ అంజన్న ఆపాడు. చంక కిందినుంచి లాగితే పిస్తోలు మూతి పక్కవాడి కడుపు మీదుగా తిరుగుతుందనీ, కొత్తవాళ్లకు అది పనికిరాదనీ చెప్పాడు. మెత్తటి తోలుదీ వద్దన్నాడు. పిస్తోలు తియ్యగానే దాని నోరు మూసుకుపోతుందట, తిరిగి పెట్టాలంటే కిందికి చూసుకోవాలట.

"గట్టి తోలుది తీస్కో బిడ్డా. ట్రిగ్గర్ మొత్తం కప్పాలె. బెల్టు దళసరిగ ఉండాలె, లేకుంటే పిస్తోలు ఎంబడి ఒర గూడ లేస్తది."

అలాంటిది ఒక్కటే మిగిలింది. పెట్టుకుంటే పిస్తోలు పిడి పక్కటెముకల్లో పొడుచుకుంది. యాదన్న ముసిముసిగా నవ్వాడు. సంగమ్మ అంజన్నను అడిగి ఆ ఒరను పటాన్‌చెరు బస్టాండుకు తీసుకుపోయింది. చెప్పులు కుట్టేవాడి పక్కన కూర్చుని, ఒర కాస్త కిందికి దిగేలా, పిడి ఒంటికి దూరంగా ఉండేలా మధ్యలో తోలుముక్క వేయించింది.

ఇక ఆదివారాలు ఇంటికి పోవడం మానేసింది. ఖాళీ పిస్తోలుతో లాగడం, పెట్టడం. బెల్టు ఒరిపిడికి నడుము మీద చర్మం లేచింది.

పోటీనాడు తొడ ఒరవాడికి పరుగులో పట్టీ జారి ఒర వెనక్కి తిరిగింది. తిరిగి పెట్టబోతే మెత్తటి ఒరవాడి పిస్తోలు మట్టిలో పడింది, వాణ్ణి బయటికి పంపేశారు. సంగమ్మ చెయ్యి ఒకసారి కూడా తడబడలేదు. ఫస్టు ఆమెదే. యాదన్న కూడా చప్పట్లు కొట్టాడు.

సాయంత్రం త్రినాథరావు గదికి పిలిచి కూర్చోమన్నాడు. ఆమెను ఇన్‌స్పెక్టర్ కూర్చోమనడం అదే మొదలు. రేపటినుంచి గన్‌మెన్ డ్యూటీ అన్నాడు, ఒక మందుల కంపెనీ యజమానురాలికి. కంపెనీ నీళ్లు వాగులో కలిసి పంటలు పోయాయని ఊరి ఆడవాళ్లు గేటు ముందు కూర్చుంటున్నారట. మగ పోలీసులు చెయ్యి వేస్తే పేపర్లో వస్తుంది, అందుకే ఆడమనిషి కావాలన్నాడు. కంపెనీ పేరు చెప్పాడు.

సంగమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. ఎవరిమీద కన్నేసి ఉంచాలని అడిగింది.

"ముత్యమ్మని ఒక ముసలామె. వాగు పక్కన చేనుందట, బర్రెలు చచ్చాయట. నిన్న మేడమ్ కారు అద్దం పగలగొట్టింది ఆవిడే. మీదికొస్తే పిస్తోలు తీసి ఎదురుగా నిలబడు, చాలు, జడుసుకుంటుంది. ఆమె ఎవరో రేపు గేటు దగ్గర చూపిస్తారు."

"చూపియ్యొద్దు సార్," అంది సంగమ్మ. "నన్ను కన్నది ఆమెనే."