మొదటి రింగుకే ఎత్తాలి

ఆమెకు కునుకు లేకుండా చేసింది మీరే. ఫ్యాను కింద చల్లగా కూర్చుని ఇది చదువుతున్న మీరే. ఎండలు ముదిరితే ఫ్యాన్లు కొంటారు, వాన పడితే మానేస్తారు. ఆ నష్టాన్ని కంపెనీ ఆమె నెత్తిన రుద్దింది. అమ్మకాలుంటే పనికి రా, లేకపోతే ఇంట్లో కూర్చో!

సూపర్‌వైజర్ ఫోన్ చేస్తే మొదటి రింగుకే ఎత్తాలి. లేదంటే ఆ పని ఇంకొకరికి పోతుంది. అందుకే ఫ్యాన్ మోటార్లకు తీగ చుట్టే ఆమె స్నానానికి కూడా ఫోన్ పట్టుకునే వెళ్తుంది. మీరు దీన్ని వెసులుబాటు అంటారు. ఎవరికండీ వెసులుబాటు?

ఇవాళ పొద్దుటి నుంచి ఆమె గదిలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది.

ఫోన్ మోగింది.

"అక్కా, పెద్ద ఆర్డరొచ్చింది. ఇప్పుడే బయల్దేరు."

"రాను తమ్ముడూ."

"ఏంటక్కా, ఎండ తలకెక్కిందా? నువ్వు కాకపోతే బోలెడుమంది ఉన్నారు నాకు!"

"పిలుచుకో మరి."

అతను పెట్టేశాడు. మరుక్షణం ఆమె కాళ్ల దగ్గర ఇంకో ఫోన్ మోగింది. తర్వాత దాని పక్కది. గోడల వెంట ఇరుక్కుని కూర్చున్న తీగ చుట్టేవాళ్లంతా నేల మీద వరసగా పెట్టిన తమ ఫోన్లనే చూస్తున్నారు. ఏ ఒక్కరు చెయ్యి చాపినా ఆమె పని పోయినట్టే. ఎవరూ చాపలేదు.

మళ్లీ ఆమె ఫోనే మోగింది.

"అక్కా... ఏం కావాలి మీకు?"

"రాసుకో.

పని ఉందో లేదో వారం ముందే చెప్పాలి.

పిలిచి గేటు దగ్గర్నుంచి తిప్పి పంపితే ఆ రోజు కూలి ఇవ్వాలి.

ఫోన్ ఎత్తలేదని ఎవర్నీ తీసెయ్యకూడదు.

మమ్మల్ని పర్మనెంట్ చెయ్యాలి. నువ్వూ కాంట్రాక్టువాడివేగా, నిన్ను కూడా."