ఆఖరున వచ్చే బండి

ఆ ఆదివారం కూడా కాటమయ్య రాజ్‌దూత్ మోటార్ సైకిల్ అందరికన్నా ఆఖరునే వచ్చింది.

"వచ్చిందిరో మన చాయ్ దుకాణం!" గులాం నబీ ఈల వేశాడు.

అందరూ నవ్వారు. ఆఖరున వచ్చినవాడు మిగతావాళ్లకు చాయ్ తాగించాలన్నది వాళ్లలో వాళ్లు పెట్టుకున్న కట్టుబాటు.

నందికొండ దగ్గర, విమానాలు దిగడం ఎప్పుడో మానేసిన రన్‌వే అది. ఆదివారం తెల్లారితే చాలు, కొందరు మగవాళ్లు మోటార్ సైకిళ్లు వేసుకొని అక్కడ చేరేవారు. రన్‌వే పొడుగునా దూసుకుపోయి, గుట్ట వెనక మట్టిదారిలో మలుపు తిరిగి, బయలుదేరిన చోటికే రావాలి. పందెమూ లేదు, బహుమతీ లేదు. వారమంతా దుకాణాల్లోనూ ఆఫీసుల్లోనూ వంగిన నడుములకు ఆ కాసేపే పండగ.

టైర్ల దుకాణం లతీఫ్ ఎప్పుడూ ముందే ఉండేవాడు.

అతని భార్య అమీనా చంకలో మున్నీని పెట్టుకొని గట్టు మీద కూర్చునేది. బళ్లు గుట్ట చాటుకు పోగానే ఆమెకు భయం పట్టుకునేది. దుమ్ము తప్ప ఏమీ కనబడదు మరి. ఇంట్లో ఉంటే ఇంకా భయమని, పాలు తాగే పిల్లను ఎత్తుకొని మరీ వెంట వచ్చేది.

కాటమయ్య మక్తల్ నుంచి కాలువల ఆఫీసుకు బదిలీ మీద వచ్చిన మనిషి. యాభై దాటాయి. ఎవరితోనూ పెద్దగా మాట్లాడడు.

"ఏం పెద్దాయనా, గుట్టెనక ఎడ్లబండి అడ్డమొచ్చిందా?" దస్తగిరి అడిగాడు.

"వచ్చిన గద నాయినా. చాయ్ తాగుండ్రి."

అమీనా ఇక ఉండబట్టలేకపోయింది.

"ఇగో, జర నా మాట విను," అంది లతీఫ్‌తో. "నువ్వు గూడ గా కాక తీరు నెమ్మదిగ పోరాదు? ఆయనకేం తక్కువైంది? మంచిగ ఇంటికి పోతుండు."

అది అందరికీ వినబడింది.

"హుకుం అయింది లతీఫ్ భాయ్! వచ్చే వారంసంది నువ్వూ పెద్దాయనా జోడీ!"

మళ్లీ నవ్వులు. లతీఫ్ మొహం ఎర్రబడింది. భార్యను ఏమీ అనలేక విసవిసా కాటమయ్య దగ్గరికి నడిచాడు.

"పెద్దాయనా, ఇంకోసారి గీడికి రాకు. నిన్ను జూపిచ్చి మా ఇంట్లోళ్లు మమ్మల్ని గూడ ముసలోళ్లను జేస్తున్నరు."

కాటమయ్య చేతిలో చాయ్ గ్లాసు అలాగే ఉండిపోయింది.

"గుట్టెనక మలుపు మంచిగ లేదు లతీఫ్ భాయ్. అందుకనే..."

"భయమైతే ఇంట్ల పండు."

కాటమయ్య గ్లాసు కింద పెట్టాడు. కిక్కు కొట్టి వెళ్లిపోయాడు. ఏదో ఒకటి చెబుదామని అమీనా లేచింది. అంతలో మున్నీ ఏడుపు అందుకుంది.

మరుసటి ఆదివారం రాజ్‌దూత్ రాలేదు.

దుమ్ములోంచి బళ్లు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆగాయి.

"ఇయ్యాల చాయ్ దస్తగిరిది!"

"నాదెట్ల? నా ఎనక నువ్వు లేవా నబీ?"

"నేనా? గంత దుమ్ముల అసలు నీకు కండ్లు గనవడ్డయా?"

"పైసలు దియ్యాల్సొస్తే అందరికీ దుమ్మే!"

తగవు తెగలేదు. నవ్వులాటల మధ్య ఇంకా సాగుతూనే ఉంది. అమీనా లేచి నిలబడింది.

"ఆయనేడీ?"

"ముందుగాల్నే ఉండె గద వదినా. ఇంకో చుట్టు కొడుతున్నట్టుంది. ఫికర్ జెయ్యకు."

వాళ్లు మళ్లీ చాయ్ తగవులో పడ్డారు. అమీనా చెవులు రిక్కించింది. గుట్ట అవతలి నుంచి ఏ బండి చప్పుడూ లేదు.

"పోయి సూడుండ్రి!" ఆ అరుపుకు చంకలో పిల్ల ఉలిక్కిపడింది.

మలుపు పక్క తుమ్మపొదల్లో బోర్లా పడి ఉన్నాడు లతీఫ్. మీద బండి. మొహం ఇసుకలో కూరుకుపోయి ఉంది. ఆ దుమ్ములో అందరూ అతన్ని దాటుకునే వచ్చారు.

"ఎవరన్న ఎంటనే లేపి మొఖం ఇటు దిప్పినా బతుకుతుండె," అన్నాడు దవాఖాన డాక్టరు.

మూడో నాడు జియారత్‌కు, పోయినవాడి పేర దువా చదవడానికి వచ్చిన మగవాళ్లు వాకిట్లో తలలు వంచుకొని కూర్చున్నారు. పరదా వెనక, ఒళ్లో పిల్లతో అమీనా.

బయట రాజ్‌దూత్ ఆగింది. కాటమయ్య గడప దాటలేక అక్కడే నిలబడిపోయాడు.

"రావద్దన్నడని రాలే బిడ్డా," అన్నాడు పరదా వైపు చూడకుండా. "వచ్చేది ఉండె."

అమీనా గొంతులో కోపం లేదు. ఏమీ లేదు.

"నువ్వొచ్చి ఏం జేస్తుంటివి కాకా? నువ్వొచ్చేసరికే అందరూ వచ్చి కూసుంటుండిరి."

కాటమయ్య వెనక్కి తిరగబోయాడు.

దస్తగిరి ఉన్నట్టుండి వెక్కి వెక్కి ఏడ్చాడు.

"వదినా, వానకాలంల గా మలుపు కాడ నేను పడితే గీయననే లేపిండు. నలుగుర్ల ఇజ్జత్ పోతదని ఎవ్వరికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్న."

గులాం నబీ తలెత్తాడు. "నిన్ను గూడనా?"

"అంటే... నిన్ను?"

గోడ పక్క నుంచి ఇంకొకరు అన్నారు. "నన్ను గూడ."

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పడింది తానొక్కడేననుకున్నారు ఇన్నాళ్లూ.

పరదా కదిలింది.

"మా ఆయనను గూడ లేపినవా కాకా?"

కాటమయ్య నోరు విప్పలేదు. ఎవరికీ చెప్పనని లతీఫ్‌కూ మాటిచ్చాడు మరి.

పొద పొదా చూసుకుంటూ వచ్చి, పడ్డవాణ్ణి లేపి, బండి నిలబెట్టి, దుమ్ము దులిపి, తనకన్నా ముందు సాగనంపాకే కదిలేవాడు గనక ప్రతి ఆదివారం ఆ మనిషి అందరికన్నా ఆఖరున వచ్చేవాడు.