తల తుంచని బంతి

"ఆగండి, తల తుంచకండి!" అని నేను అరిచేసరికి మావారు ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

ఎండ బాగా తగిలే పెరట్లో బంతి విత్తనాలు చల్లింది మొదలు నాకు నిలకడ లేదు. మొలిచాయో లేదోనని మట్టి గీకి చూసి ఆయనతో చీవాట్లు కూడా తిన్నాను. ఇప్పుడు మొక్కలు నడుము దాకా వచ్చాయి.

"చివర తుంచితే గుబురుగా పెరిగి బోలెడు పూస్తుంది. వదిలేస్తే తాటిచెట్టులా పోతుంది."

"పోనివ్వండి. నాకు ఎత్తే కావాలి."

ఆయన గోడ వైపు చూశారు. అవతల మా అక్క ఇల్లు. కిందటేడు మాటా మాటా పెరిగి అక్క ఆ గోడ కట్టించింది. అప్పటినుంచి మా మధ్య పలకరింపుల్లేవు.

"మీ అక్క మొహం కనపడకుండా తెర కడుతున్నావా?" అని నవ్వారు. నేను మొక్కల మొదట్లో నీళ్లు పోశాను.

మొక్కలు గోడ దాటాయి. పూల బరువుకి ఒకటి అక్క పెరట్లోకి ఒరిగింది. నేను దేవుణ్ణి తలుచుకుంటూ కాలుగాలిన పిల్లిలా వంటింటికీ పెరటికీ తిరుగుతున్నాను.

అప్పుడు గోడ అవతలి నుంచి గొంతు వినిపించింది.

"ఏమే, బుద్ధుందా? ఇంత పొడుగు మొక్కకి ఊతకర్ర పాతొద్దూ?"

"కర్రల్లేవే అక్కా!"

"నా దగ్గరున్నాయి. వస్తున్నా, తలుపు తియ్యి."

నేను ఎప్పుడో చెక్కించి తలుపు వెనక దాచిన కర్రల కట్టనీ, నన్నూ మావారు మార్చి మార్చి చూశారు.

"దేవుడికి నేను చెప్పుకుంటాను. ముందు వాటి మీద గోనె కప్పండి," అన్నాను.