పది కిలోల మిరపకాయలు

కానుకల సంచి బోర్లించగానే చిల్లర నోట్ల మధ్యలోంచి బంగారు గొలుసొకటి జారి దేవదానం ఒళ్లో పడింది. దానికి చుట్టిన కాగితం మీద ‘గుడి కప్పుకి. పేరు వద్దు’ అని మాత్రం ఉంది.

చర్చి సెక్రటరీ దేవదానం తలుపు వైపు చూశాడు. గదిలో తను తప్ప ఎవరూ లేరు. కాగితం చింపి కిటికీలోంచి పారేసి, గొలుసు జేబులో వేసుకున్నాడు. రెండు సవర్లుంటుంది. ఎంత లేదన్నా లక్షన్నర. ఇచ్చినవాళ్లు పేరే వద్దన్నారంటే పోయిందని అడిగేవాళ్లూ ఉండరు. ఇంత సుఖమైన దొంగతనం ఆయన సర్వీసులో ఎన్నడూ తగల్లేదు.

సర్వీసంటే చిన్నదేం కాదు. ప్రత్తిపాడు దగ్గర ఆ ఊళ్లో చర్చికి నిధులెలా పోగుచెయ్యాలో పన్నెండేళ్లుగా చెబుతున్నది ఆయనే. ఖర్చు తక్కువ, శ్రమ తక్కువ, లాభం ఎక్కువ ఉండాలన్నది ఆయన సూత్రం. ఒక ఏడు క్రిస్మస్ కేకులు అమ్మించాడు. ఆయనింట్లోకి కొత్త మిక్సీ వచ్చింది. మరో ఏడు క్యాలెండర్లు అచ్చు వేయించాడు. ఆయన వరండాకి రేకులు పడ్డాయి. గుడి కప్పు మాత్రం వానొస్తే కారుతూనే ఉంది. ముసలమ్మలు గొడుగులు వేసుకుని ప్రసంగం వింటున్నారు.

ఈ ఏడు ఏం చేద్దామని కిందటి నెల కమిటీ కూర్చున్నప్పుడు, స్త్రీల సమాజం అధ్యక్షురాలు కోటిరత్నం లేచింది.

“కోతల పండగ వేలం ఈసారి మాకొదిలెయ్యండి అన్నయ్యా. పెట్టుబడి కూడా మేమే పెట్టుకుంటాం.”

“గుమ్మడికాయలు అమ్మి గుడికి కప్పేస్తారటమ్మా?” అని దేవదానం పడీపడీ నవ్వి, సరే కానివ్వమన్నాడు. ఆడవాళ్ల సరదా ఎందుకు కాదనాలి?

గొలుసు ఇంటికి చేరింది. పండగ హడావుడి తగ్గాక గుంటూరు వెళ్లి అమ్మొచ్చనుకుని, వంటింటి మూలనున్న పది కిలోల ఎండుమిరపకాయల సంచి అడుక్కి తోసి, మూతికి నీలం తాడు బిగించాడు. మిరపకాయల్లో చెయ్యి పెట్టే దొంగ గుంటూరు జిల్లాలో పుట్టలేదని ఆయన ధీమా.

కోతల పండగ వచ్చింది. పొలంలో మొదట చేతికొచ్చినదాన్ని గుడికి తెచ్చి ప్రభువు బల్ల ముందు పెట్టడం, ప్రార్థనయ్యాక అక్కడే వేలం వెయ్యడం ఆనవాయితీ. కోళ్లు, సొరకాయలు, పత్తి మూటలు వరసగా ఉన్నాయి. వాటి పక్కనే నీలం తాడు కట్టిన సంచి కనబడేసరికి దేవదానం ఆడవాళ్ల వైపు పరుగెత్తాడు.

“ఏమే, ఆ సంచెందుకు తెచ్చావ్?” అని భార్య కరుణమ్మ చెవిలో కసిరాడు.

“మొదటి పంట దేవుడిదని మొన్న మైకులో మీరేగా చెప్పారు?” అందావిడ.

మెల్లగా వెళ్లి తాడు ముడి మీద చెయ్యి వేశాడు.

“బల్ల దగ్గర పెట్టింది ముట్టుకోకూడదన్నయ్యా. కావాలంటే వేలంలో పాడుకోండి,” అంది కోటిరత్నం.

ఆ సంచి ఎవరింటికి వెళ్లినా ఈ పూటే గొలుసు బయటపడుతుంది. సంచి ఎవరు తెచ్చారో గుడంతా చూసింది. పన్నెండేళ్ల పరువు ఒక్క తాడు ముడిలో ఉంది.

పాస్టరు గారు వేలంపాట మొదలెట్టారు. దేవదానం రెండు వేలన్నాడు. కోటిరత్నం మూడంది. ఆయన పదన్నాడు. ఆవిడ పదిహేనంది.

“నీకెందుకమ్మా? మీ ఇంట్లో మిరపకాయల్లేవా?”

“ఉన్నాయన్నయ్యా. ఇవి మహా ఘాటుగా ఉన్నట్టున్నాయి.”

ముప్ఫై దాటింది. యాభై దాటింది. జనం చప్పట్లు కొడుతున్నారు. “సెక్రటరీ గారి విశ్వాసం చూడండి!” అని పాస్టరు గారు కళ్లు తుడుచుకున్నారు. డెబ్భై ఒక్క వేల దగ్గర కోటిరత్నం ఇక నావల్ల కాదని కూర్చుంది. తన పొలం పత్తి అమ్మిన డబ్బు దేవదానం అక్కడికక్కడే ఫోన్లో పంపేశాడు.

ఇంటికొచ్చి గడియ పెట్టి సంచి కుమ్మరించాడు. ఇరవై తుమ్ములు తుమ్మాక గొలుసు దొరికింది. సంతోషం పట్టలేక కళ్లకద్దుకున్నాడు. చేతులకి కారముందని ఆ తర్వాత తెలిసింది.

అయితేనేం, ఇంకా దాదాపు ఎనభై వేలు మిగులే. పైగా దారిలో ఎదురైనవాళ్లంతా దండం పెడుతున్నారు. ఎర్రబడ్డ కళ్లు చూసి, రాత్రంతా ప్రార్థనలో గడిపాడనుకున్నారు కూడా.

మరుసటి ఆదివారం వేలం లెక్క చదవమని కోటిరత్నం ఆయన చేతికి కాగితమిచ్చింది. మైకులో లెక్క చదవడం సెక్రటరీ పని. ముందు వరసలో ఆవిడ పక్కనే కరుణమ్మ కూర్చుంది.

“కోళ్లు, కూరగాయలు, పత్తి మీద రాబడి పద్దెనిమిది వేలు. మిరపకాయల మీద డెబ్భై ఒక్క వేలు. సంచి ఇచ్చినవారు శ్రీమతి కరుణమ్మ.”

చప్పట్లు మోగాయి. దేవదానం చిరునవ్వుతో కాగితం తిప్పి, అదే గంటలాంటి గొంతుతో చదివాడు.

“ఖర్చు: కానుకల సంచిలో వెయ్యడానికి కొన్న గిల్టు గొలుసు ఒకటి, మూడు వందల యాభై రూపాయలు.”