తుప్పు వయసు

"ఆ కత్తి కొనకండి."

వెనకనుంచి ఎవరో మెల్లగా అన్నారు.

డ్రాయింగు మాస్టారు ఉలిక్కిపడి తిరిగి చూశాడు.

కిటికీ పక్కన స్టూలు మీద ఒక ముసలాయన. వెలిసిపోయిన చొక్కా, మెడలో దారానికి వేలాడుతున్న కళ్ళద్దాలు. సామాను చూడ్డానికి వచ్చిన పదిమందిలో ఒకడిలా ఉన్నాడు.

ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ పాత ఆయుధాలు అమ్ముతున్నారని ఏజెంటు కబురు చేస్తే, మాస్టారు బడికి సెలవు పెట్టి మరీ వచ్చాడు. పిల్లలకు పూలూ పళ్ళూ గీయడం నేర్పే మనిషికి కత్తులంటే ప్రాణం. "వంటింట్లో చాకుకు పదును లేదు గానీ గోడనిండా కత్తులే" అని భార్య దెప్పుతూనే ఉంటుంది. పదిహేనేళ్ళుగా ఎన్ని పోగుచేసినా ఇలాంటిది ఆయనకు దొరకలేదు. పిడి మీద సింహం తల, పిడి నుంచి మొనదాకా బారెడు అలుగు, దాని నిండా నల్లటి తుప్పు. చూడగానే మనసు పారేసుకున్నాడు.

"ఏం, ఎందుకు కొనకూడదు?"

"తుప్పు చూడండి. ఈ చివరనుంచి ఆ చివరదాకా ఒక్క తీరుగా ఉంది. వయసు మీదపడి వచ్చే తుప్పు అలా ఉండదు బాబూ. ఒకచోట కొరుకుతుంది, ఒకచోట వదిలేస్తుంది. ఇది యాసిడ్ పోసి తెప్పించిన ముసలితనం."

పక్కనున్న ఇద్దరు కిసుక్కున నవ్వారు.

మాస్టారి ముఖం ఎర్రబడింది.

"మరి ఏది కొనమంటారు?" అన్నాడు వెటకారంగా.

ముసలాయన లేచి, మూలన బల్లేల కింద పడి ఉన్న చిన్న గొడ్డలిని రెండు చేతులతో తీశాడు.

"ఇది."

"కట్టెలు కొట్టేదా?"

"అందరూ అలాగే అనుకుంటారు. కట్టెల గొడ్డలి ఇంత పలచగా ఉంటుందా? ఇదిగో, ఈ గీత చూడండి. ఇనుములో ఉక్కు పొదిగిన అతుకు. మీ వేలితో తడిమి చూడండి."

మాస్టారు వేలు పెట్టలేదు.

ఆయనకు అప్పటికే అంతా అర్థమైపోయిందనిపించింది. ఇలాంటివాళ్ళను ఎంతమందిని చూశాడు! మంచి సరుకుకు వంక పెట్టి, అవతలివాడు వదిలేయగానే తామే ఎగరేసుకుపోయే రకం.

"నేను గొడ్డలి పట్టుకుపోతే కత్తి మీరు కొట్టేద్దామనా? ఈ తెలివితేటలు నా దగ్గర కాదు."

ముసలాయన గొడ్డలిని మళ్ళీ మూలన పెట్టాడు.

మాస్టారు ఏజెంటును పిలిచాడు.

"ఏమయ్యా, ఈ పెద్దాయన వచ్చినవాళ్ళను చెడగొడుతున్నాడు. ముందు బయటికి పంపించు."

ఏజెంటు తెల్లమొహం వేశాడు. "అది కాదండీ, ఆయన..."

"వద్దులే" అన్నాడు ముసలాయన చెయ్యి ఊపుతూ. "ఇక్కడ కాస్త ఉక్కగానే ఉంది. నేనే బయట కూర్చుంటాను."

గోడ పట్టుకుని నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

మాస్టారు కత్తి కొనుక్కుని గుమ్మం దాటుతుంటే, మెట్ల మీద కూర్చున్న ఆ ముసలాయన కాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చాడు.

మాస్టారు పలకరించలేదు.

రెండు నెలల తరువాత మ్యూజియంలో ఆయుధాలు పరీక్షించే ఆవిడకు ఆ కత్తిని గర్వంగా చూపించాడు.

ఆవిడ భూతద్దంతో ఒకసారి చూసి, కింద పెట్టేసింది.

"మాస్టారూ, ఇది మీకంటే వయసులో చిన్నదండీ."

"అదేమిటమ్మా!"

"తుప్పంతా ఒకే లోతులో ఉంది. యాసిడ్ పని."

మాస్టారు ఆ గొడ్డలి సంగతి చెప్పాడు. పలచటి అలుగు, ఉక్కు అతుకు, బొమ్మ గీసి మరీ చూపించాడు.

ఆవిడ ఆ బొమ్మను చాలాసేపు చూసింది.

"నిజంగా ఇలాగే ఉందా? ఇలాంటి యుద్ధపు గొడ్డలిని నేను పుస్తకాల్లోనే చూశాను. వదిలేసి ఎలా వచ్చారండీ?"

మాస్టారు అటునుంచి అటే ఆ ఇంటికి పరుగెత్తాడు.

గోడలకు సున్నం వేస్తున్నారు. ఖాళీ గదిలో ఒకామె గిన్నెలు పెట్టెలో సర్దుతోంది.

"ఆ రోజు అమ్ముడుపోగా మిగిలిన ఇనుమా? పాత సామాన్లవాడు బండి మీద వేసుకుపోయాడండీ. ఈపాటికి కరిగించేసి ఉంటారు."

మాస్టారు గోడకు ఆనుకున్నాడు. గొడ్డలి పోయింది. దానికంటే పెద్ద బరువు ఇంకొకటి గుండెల మీద ఉంది.

"అమ్మా, ఆ రోజు ఇక్కడ ఒక పెద్దాయన ఉన్నారు. వెలిసిపోయిన చొక్కా, మెడలో కళ్ళద్దాలు. నా మంచికోరి చెబితే నానా మాటలూ అన్నాను. ఎక్కడుంటారో తెలిస్తే వెళ్ళి క్షమించమని అడుగుతాను."

ఆమె చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది.

"డ్రాయింగు మాస్టారంటే మీరేనా?"

"నా గురించి మీకెలా తెలుసు?"

"ఏజెంటును అడిగి తెలుసుకుని ఆయనే చెప్పారు. కత్తి పట్టుకున్న తీరు చూస్తే తెలుస్తుంది, ఆ మనిషికి ప్రేమ ఉంది, కాస్త ఓపికే తక్కువ అన్నారు. గొడ్డలి మీ చేతికి చేరితే బాగుండేదని చివరిదాకా అనుకున్నారు. అది ఆ పాత ఇనుములోనే ఉందని నాకు తట్టలేదు."

"చివరిదాకానా?"

"పోయి ఇరవై రోజులైందండీ."

మాస్టారు ఆ రోజు గొడ్డలి ఉన్న మూల వైపు చూశాడు.

"ఆయన కూడా కొనడానికే వచ్చారనుకున్నానమ్మా. ఇంతకీ ఎవరాయన?"

"మా నాన్నగారు" అందామె. "అమ్మకానికి పెట్టినవన్నీ ఆయనవేనండీ, మీరు కొన్న ఆ కత్తితో సహా."